పటం వెనక పేరు

మా తాయిల్పట్టిలో పాత ఇండ్లకు పోతే నడవ దాటగానే ఎదురుగోడ మీద రెండు వరసల్లో పటాలు కనిపిస్తాయి. పై వరసలో దేవుళ్ళు, కింది వరసలో మనుషులు. పై వరసలో ఎవరెవరో చిన్నపిల్లలు కూడా తడుముకోకుండా చెప్తారు. కింది వరస దగ్గరకు వచ్చేసరికి చెప్పేవాళ్ళు తగ్గిపోతారు. తాత ఎవరో తెలుసు. తాత పక్కన కోటు వేసుకొని నిలబడిన ఆయన ఎవరో తెలీదు. "మన చుట్టమే" అంటారు, అంతటితో సరి.

పోయిన పొంగలి పండుగకు ఊరికి పోయినప్పుడు మా పెద్దమ్మ ఇంటికి సున్నం వేస్తూ ఉండినారు. పటాలన్నీ కిందికి దించినారు. వాటిలో ఒకటి ఎవరిదో పెళ్ళినాటి పటం. పెరట్లో దుప్పటి కట్టి, దాని ముందర తీసినది. పెద్దవాళ్ళు ఏడుగురు, ఒక అంచున చంకలో బిడ్డతో పదేండ్ల ఆడపిల్ల. మా పెద్దమ్మ ఆ ఇంటికి కోడలుగా రాక ముందటి పటం అది. ఎనభై దాటిన ఆమె ఒక్కొక్కరి మీద వేలు పెట్టి పేర్లు చెప్పింది. చంకలోని బిడ్డ పేరు కూడా చెప్పింది. ఆ బిడ్డ మా చిన్నాయన. ఎత్తుకున్న పిల్ల దగ్గర వేలు ఆగింది. "ఈ పాప ఎవురో నాకు తెలీదురా నాయినా. ఎవురో ఎత్తుకొని ఉండారు" అనింది. పటం తిప్పి చూసినాను. వెనక అట్ట మీద స్టూడియో ముద్ర, దాని కింద పెన్సిలుతో వేసిన రూపాయి అణాల కూడిక ఉన్నాయి. పేరు ఒక్కటీ లేదు.

నేను బ్యాంకులో ముప్పై ఏండ్లు లెక్కలు చూసినవాణ్ణి. డబ్బు ఉండి ఖాతాదారు పేరు లేని పద్దు మా పుస్తకాల్లో ఒక్క రాత్రి నిలిస్తే మరునాడు పొద్దున్నే పైనుంచి సంజాయిషీ అడుగుతారు. మన ఇండ్లలో మాత్రం పేరు లేని పద్దులు ఏండ్ల తరబడి గోడల మీద వేలాడుతున్నాయి. నేను చదివింది బి.కాం. చరిత్రలో నాకు పాండిత్యం లేదు. అయినా ఆ పటం చూసిన తర్వాత, ఫోటో అనేది మన మధ్యకు ఎట్లా వచ్చింది, ఎవరు ఎవరిని తీసినారు, ఎవరి పేరు రాసినారు, ఎవరి పేరు రాయలేదు అన్న సంగతులు వెతికి చదివినాను. అందులో మనకు పనికివచ్చేది ఉందనిపించి ఇక్కడ రాస్తున్నాను.

మనిషి రూపాన్ని నిలిపి ఉంచుకోవాలన్న కోరిక ఫోటోతో పుట్టింది కాదు. మదురై మీనాక్షి గుడి ఎదుట తిరుమల నాయకుడు (పాలన 1623-1659) కట్టించిన పుదుమండపంలో స్తంభాల మీద నాయక రాజుల విగ్రహాలు, రాణులతో సహా, ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు మాట్లాడిన ఆ రాజుల నగలు, నడుముకు చుట్టిన బట్ట మడతలు కూడా శిల్పి వదలకుండా చెక్కినాడు. అయితే ఆ భాగ్యం రాజులకే దక్కింది. ఆ కాలాలలో ఈ కరిసల్ నేలకు వచ్చి, ముండ్లపొదలు కొట్టి, నల్లరేగడిలో పత్తీ జొన్నా పండించిన మన ముందటివారి రూపాన్ని ఏ రాజూ చెక్కించలేదు.

1839లో పారిస్‌లో ఫోటో తీసే విధానం లోకానికి వెల్లడి అయింది. ఏడాది తిరిగేసరికి అది మన దేశానికి చేరింది. 1856లో మద్రాసులో ఫోటోగ్రఫీ సంఘం ఏర్పడింది. మద్రాసు చిత్రకళా పాఠశాలను స్థాపించిన డాక్టరు అలెగ్జాండర్ హంటర్ దానికి ముందు నిలిచినాడు. మద్రాసు ప్రభుత్వం ఫోటోగ్రాఫరుగా నియమించిన కాప్టెన్ లిన్నేయస్ ట్రైప్ 1858లో మదురైలో తిరుమల నాయకుడి మహలునూ గుడినీ తీసినాడు. ఆ పటాలు నేటికీ ప్రసిద్ధం. అయితే వాటిలో మనుషులు బహు తక్కువ. ఆనాటి కెమెరాకు కదలని వస్తువు కావాలి. గోడలు కదలవు, మనుషులు కదులుతారు.

కెమెరా మనుషుల వైపు తిరిగినప్పుడు వేరే చిక్కు వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత, తాము ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవాలని దొరలకు పట్టింపు కలిగింది. 1868-1875 మధ్య 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో నాలుగు వందలకు పైగా ఫోటోలతో 8 సంపుటాలు అచ్చయినాయి. మన దక్షిణాదిలో ఆ పనిని పెద్ద ఎత్తున చేసినవాడు ఎడ్గార్ థర్స్టన్. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం అధికారి. కె. రంగాచారి సాయంతో ఆయన 1909లో వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం 7 సంపుటాలు. కమ్మవారు, కాపులు, తొట్టియ నాయకర్లు, చక్కిలియర్లు, ఇట్లా మనలో ప్రతి ఒక్కరికీ అందులో ఒక అధ్యాయం ఉంది.

థర్స్టన్ కెమెరాతో పాటు ముక్కు పొడవు, తల చుట్టుకొలత కొలిచే పనిముట్లు కూడా వెంట తీసుకొని ఊరూరా తిరిగినాడు. వయనాడులో పణియ స్త్రీలు ఆయనను చూసి పారిపోయినారట. తమలో మంచి పుష్టిగా ఉన్నవారిని ఏరి, గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని వారి భయం. ఈ సంగతి థర్స్టనే రాసుకున్నాడు, వేడుకగా. నాకు చదివినప్పుడు నవ్వు రాలేదు. వారి అనుమానం పూర్తిగా తప్పేమీ కాదనిపించింది. ఆ సంపుటాల్లో చాలా పటాల కింద కులం పేరో తెగ పేరో ఉంటుంది, మనిషి పేరు ఉండదు. అక్కడ నిలబడినవాడు ఒకరి కొడుకు, ఒకరి మొగుడు, ఒక ఊరివాడు అన్న సంగతి పుస్తకానికి అక్కరలేకపోయింది. తీసిన పటం మద్రాసుకూ లండనుకూ చేరింది. నిలబడినవాడి ఇంటికి చేరిందని నేను ఎక్కడా చదవలేదు.

అట్లని థర్స్టన్ పనిని పూర్తిగా తోసివేయడం న్యాయం కాదు. మన ఆచారాలను గురించి ఆయన రాసి పెట్టిన కొన్ని సంగతులు ఈనాడు మన ఇండ్లలో ఎవరికీ గుర్తు లేవు. లోపం ఒక్కటే. జనాన్ని చూసినాడు కానీ, వారిని ఆ పనిలో పాలుపంచుకోనివ్వలేదు.

ఆ లోపాన్ని కొంత సరిచేసింది స్టూడియో. స్టూడియోకు పోయేవాడు తన కాళ్ళతో పోతాడు, తన డబ్బు ఇస్తాడు, కాబట్టి తనకు నచ్చినట్లు కూర్చుంటాడు. హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లో ఆడవారి కోసమే ప్రత్యేకంగా స్టూడియో తెరిచినాడు. ఘోషా స్త్రీలకు ఇబ్బంది లేకుండా దాన్ని ఒక ఆంగ్ల మహిళ నడిపింది. అది నవాబుల నగరం. మెల్లమెల్లగా ఆ సౌకర్యం మనవంటి చిన్న ఊళ్ళకూ దిగివచ్చింది.

మన కోవిల్పట్టి కథ ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. కొండయ్య రాజు 1898లో పుట్టినారు. మద్రాసు చిత్రకళా పాఠశాలలో నేర్చుకొని, తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో కొంతకాలం గడిపి, తర్వాత నాటక కంపెనీలకు తెరలు రాసినారు. 1940లలో కోవిల్పట్టిలో స్థిరపడి శిష్యులతో దేవి ఆర్ట్ స్టూడియో నడిపినారు. ఫోటోలు తీయడం, వాటికి రంగులు దిద్దడం, దేవుళ్ళ బొమ్మలు రాయడం, అన్నీ ఒకే చోట జరిగేవి. పక్కనే శివకాశి. అక్కడి నుంచి 1922లో ఇద్దరు కలకత్తా పోయి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చినారు. అగ్గిపెట్టెల మీద అంటించే బొమ్మకాగితాల కోసం అచ్చుపని పెరిగింది. అచ్చుయంత్రాలు పెరిగినాక క్యాలెండర్లు వచ్చినాయి. కొండయ్య రాజు, ఆయన శిష్యులు రాసిన మురుగన్, మీనాక్షి, లక్ష్మి బొమ్మలు శివకాశిలో అచ్చయి దేశమంతా పోయినాయి. ఆయన 1976లో కాలం చేసినారు.

ఇది చదివినాక మా పెద్దమ్మ ఇంటి గోడను కొత్తగా చూసినాను. పై వరసలోని దేవుళ్ళూ, కింది వరసలోని మనుషులూ ఇంచుమించు ఒకే చుట్టుపక్కల నుంచి వచ్చినవారు. పై వరస బొమ్మ అంచున చిత్రకారుడి సంతకం, అచ్చు వేసిన ప్రెస్సు పేరు ఉంటాయి. కింది వరస పటం మీద స్టూడియో ముద్ర ఉంటుంది. కూర్చున్న మనిషి పేరు మాత్రం రెండు తరాలుగా నోటి మాటగానే నిలిచింది. అందరికీ తెలుసు కదా, రాయడం ఎందుకు అనుకున్నారు మనవాళ్ళు. రాయాలన్నా ఏ లిపిలో రాయాలి? ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు మాట్లాడినవారికి రాయడం రాదు, రాయడం వచ్చిన పిల్లలకు అంత అక్కర లేదు.

స్టూడియోకు పోలేనివారు కూడా చాలామంది. పటం తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందన్న భయం ఒకటి, డబ్బు ఇంకొకటి. కొందరు తల్లులకు బతికి ఉండగా పటం లేదు. పోయినాక పూలమాల వేసి కుర్చీలో కూర్చోబెట్టి తీసిన పటమే మిగిలింది. అటువంటివి ఈ సీమలో ఎన్నో ఇండ్లలో చూసినాను.

ఇక మా వృత్తి సంగతి. 1994 జనవరి 1 నుంచి కొత్త ఖాతాదారుల ఫోటోలు తప్పనిసరిగా తీసుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఓటరు గుర్తింపు కార్డుల పని 1993లో మొదలయింది. అప్పుడు నేను ఉద్యోగానికి కొత్త. పల్లెల నుంచి వచ్చిన అవ్వలు కొంగుముడి విప్పి, చిన్న కవరులోంచి మూడు పటాలు తీసి బల్ల మీద పెట్టేవాళ్ళు. "ఇంతకు ముందర పటం తీయించుకొని ఉండావా అవ్వా?" అని అడిగితే, "లేదు నాయినా, ఇదే మొదలు. బాగుండానా?" అని అడిగినవారు ఎందరో. అరవై ఏండ్లకు మొదటి పటం, అది కూడా బ్యాంకు అడిగిందని! దాని మీద నేను అడ్డంగా సంతకం పెట్టి ముద్ర కొట్టేవాణ్ణి. ఆ సంతకం సగం ముఖం మీదికి వచ్చేది. రూలు అట్లాగే ఉండేది. ఇప్పుడు తలచుకుంటే థర్స్టన్‌ను తప్పు పట్టడానికి నోరు రాదు.

ఆ చిన్న పటానికి ఉన్న విలువ నాకు తర్వాత తెలిసింది. మన వైపు బాణసంచా పనిలో ఎన్ని ప్రమాదాలు జరిగినాయో పాఠకులకు చెప్పనక్కరలేదు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో 30 మందికి పైగా పోయినారు. 2021 ఫిబ్రవరి 12న అచ్చన్‌కుళంలో 20 మందికి పైగా. అటువంటి ఒక ప్రమాదం జరిగిన వారానికి ఒక తల్లి పాసుపుస్తకంతో వచ్చింది. డబ్బు కోసం కాదు. పుస్తకానికి అంటించిన కూతురి పటాన్ని చెడకుండా ఊడదీసి ఇవ్వాలని అడిగింది. పెద్దది చేయించి గోడకు పెట్టుకోవాలి. వేరే పటం లేదు. నీళ్ళతో తడిపి, బ్లేడుతో మెల్లగా తీసినాను. ముఖం మీద మా బ్యాంకు ముద్ర అట్లాగే ఉంది. అదే పటం పెద్దదయి, ఆ ముద్రతోనే, ఆ ఇంటి గోడ మీదికి పోయింది.

ఇప్పుడు ప్రతి చేతిలో సెల్లు ఉంది, పటాలకు కొదవ లేదు అనవచ్చు. పటాలకు కొదవ లేదు, నిజమే. సెల్లు పాడైతే అవీ పోతాయి. పేరుతో, ఊరితో, చేసే పనితో సహా నిలిచే పటాలు ఈనాటికీ తక్కువే. ఆ పని చేస్తున్నవారు కొందరున్నారు. మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టిన పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014 డిసెంబరులో మొదలుపెట్టిన 'పరి' అనే గ్రామీణ భారత దస్త్రశాలలో 'ముఖాలు' అన్న విభాగం ఉంది. దేశంలోని జిల్లాలన్నిటి నుంచీ ఆడవారు, మగవారు, పిల్లల ముఖచిత్రాలు సేకరించడం దాని ఉద్దేశం. కులం పేరుకు బదులు మనిషి పేరు, ఊరు, వృత్తి ఉంటాయి. థర్స్టన్ వదిలేసిన ఖాళీని వంద ఏండ్ల తర్వాత పూరిస్తున్నట్లుంది.

అదే సంస్థలో పని చేసే ఎం. పళని కుమార్ మదురై దగ్గరి అలంగానల్లూరు వైపు వాడు. తల్లి చేపలమ్మి పెంచింది. 2022లో మొదటి దయానితా సింగ్-పరి ఫోటోగ్రఫీ పురస్కారం ఆయనకు వచ్చింది. పారిశుద్ధ్య కార్మికుల జీవితాలను తీస్తూ వచ్చిన ఆయన, అటువంటి ఇండ్ల పిల్లలకే కెమెరా పట్టడం నేర్పుతున్నాడు. అప్పుడు పిల్ల తన అమ్మను తానే తీస్తుంది. ఇక్కడ మనం ఒక మాట ఒప్పుకోవాలి. మదురై, విరుదునగర్ ప్రాంతాల్లో ఆ పనిలో ఉన్న అరుంధతీయుల ఇండ్లలో చాలామంది మాట్లాడేది తెలుగే. తమిళనాడు తెలుగువారు అనగానే నాయుళ్ళనూ రెడ్లనూ మాత్రమే లెక్కలోకి తీసుకోవడం మనకు అలవాటయింది.

పాత పటాల విషయంలో కూడా పని జరుగుతోంది. పాండిచ్చేరి ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ వారు బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాట పాత స్టూడియోల, కుటుంబాల ఫోటోలకు కంప్యూటరు నకళ్ళు తీసినారు. అసలు పటాలు లండనుకు పోకుండా ఈ దేశంలోనే ఉంటాయి. 2010లో మొదలైన ఇండియన్ మెమరీ ప్రాజెక్టుకు కుటుంబాలవారే పటం పంపి, దాని కథ చెప్తారు. 2011లో ఖాట్మండులో ఏర్పడిన నేపాల్ పిక్చర్ లైబ్రరీ సామాన్యుల ఇండ్ల పటాలతోనే ఆ దేశ చరిత్రను కూడగడుతోంది.

పేరు రాయకపోతే ఏమవుతుందో ఆఫ్రికాలోని మాలి దేశం చెప్తుంది. బమాకో నగరంలో సేదూ కేతా అనే ఆయన 1948లో స్టూడియో పెట్టి, వేలమంది ఊరివాళ్ళను అందంగా తీసినాడు. 1991లో ఆ పటాలను న్యూయార్కులో ప్రదర్శించినప్పుడు వాటి కింద ఆయన పేరు లేదు. తీసినవాడెవరో తెలీదని రాసినారు. తర్వాత వెతుక్కుంటూ పోయి ఆయనను కనుగొన్నారు. ఆయన పేరు ఇప్పుడు లోకమంతా తెలుసు. పటాల్లో ఉన్న చాలామంది పేర్లు మాత్రం ఇంకా దొరకలేదు.

మనకు ఆ గతి పట్టనక్కరలేదు. మన కోవిల్పట్టి పక్కనే ఇడైసేవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్, పెద్దల నోట విన్న మన వలస కథను తమిళంలో 'గోపల్ల గ్రామం' (1976) నవలగా రాసినారు. దాని తరువాయికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో పోయేదాకా ఆయన చేసిన పని పెద్దవాళ్ళ దగ్గర కూర్చొని వినడమే. మనం ఆయన వలె రాయలేము. కూర్చొని వినడానికి అడ్డేముంది?

ఆ ధైర్యంతోనే పోయిన వేసవిలో మా వీధిలో చిన్న ప్రయత్నం చేసినాను. కాలేజీలో చదివే మేనల్లుడు, వాడి స్నేహితులు ఇద్దరు, నేను. ఇంటింటికీ పోయి, అడిగి, ఒప్పుకుంటేనే పటానికి సెల్లులో నకలు తీసినాము. పటం ఇల్లు దాటదు అన్నది మొదటి షరతు. పెద్దవాళ్ళు చెప్పిన పేరు, వరస, ఊరు, పని తెలుగు మాటల్లోనే, పిల్లలకు వచ్చిన తమిళ లిపిలో రాసినాము. తెలుగు లిపిలో నేను పక్కన రాసినాను. ఆ ఇంట్లో ఇప్పుడున్న పెద్దవాళ్ళను వారికి నచ్చిన చోట, నచ్చిన బట్టల్లో కొత్తగా తీసి, కాగితం మీద వేయించి ఇచ్చినాము. ఒక అత్త చీర మార్చుకొని రావడానికి గంట పట్టింది. అందరమూ కాచుకున్నాము. ఒకామె మొగుడి పటం చూపించనే లేదు. ఆమెను మళ్ళీ అడగలేదు.

నకళ్ళన్నీ అట్టల మీద అంటించి వేపచెట్టు కింద ఒక ఆదివారం పెట్టినాము. అన్ని వీధులవాళ్ళూ వచ్చి చూడాలని చాటించినాము. అరుంధతీయుల వీధి నుంచి వచ్చిన ఒక అవ్వ మా పెద్దమ్మ ఇంటి పెళ్ళి పటం ముందర చాలాసేపు నిలబడింది. తర్వాత అంచున ఉన్న పిల్ల మీద వేలు పెట్టి, "ఇది మా అక్క. మీ ఇంటిలో బిడ్డను ఎత్తుకునేదానికి పెట్టుకొని ఉండారు. పెండ్లి కాకుండానే జరం వచ్చి పోయింది. దానికి పటం ఉండాదని మాకు తెలీదే" అనింది. పక్కనే కుర్చీలో ఉన్న మా చిన్నాయన లేచి నిలబడినాడు. ఆయనకు డెబ్బై దాటింది. తనను ఎత్తుకున్న పిల్ల పేరు ఆ రోజే విన్నాడు.

ఆమె ఇంటికి ఆ పటం నకలు చేయించి ఇచ్చినాము. మా ఇంటి పటం వెనక, స్టూడియో ముద్ర కింద, ఎనిమిది పేర్లు ఉన్న చోట తొమ్మిదో పేరు కూడా రాసినాను. ఆ పేరు ఇక్కడ అచ్చు వేయడానికి వారిని అడగలేదు కనుక రాయడం లేదు.

పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ సంచిక పక్కన పెట్టి, మీ గోడ మీది పటం ఒకటి దించండి. ఇంట్లో అందరికంటే పెద్దవారి దగ్గరికి తీసుకుపోండి. వెనక పెన్సిలుతో రాయండి, సిరా అయితే ముందుకు ఊరుతుంది. తెలుగు లిపి రాకపోతే తమిళంలో రాయండి. తెలియని ముఖం ఉంటే పక్క వీధిలో కూడా అడగండి.